శౌరి యను పేరు

ఈ విద్యాసంవత్సరపు ఆరంభమున ఏడవ తరగతి హాజరుపట్టీ వ్రాయుచుండగా, క్రొత్తగా చేరిన యొక బాలుని పేరు నేను సౌరి యని వ్రాసితిని. వాని తండ్రి గుంటూరు సీమనుండి వచ్చి మన శంషాబాదు విమానాశ్రయమున పనిచేయుచున్నాడు. పేరు పిలువగానే బాలుడు లేచి నిలువబడి, తమ యింట దానిని శకారముతో వ్రాయుదురని వినయముగా మనవి చేసెను. నేను దిద్దబోవు నంతలో వెనుకబల్లమీది విద్యార్థి యొకడు, శౌరి యనగా శ్రీకృష్ణుడు గదా, ఆదివారము చర్చికి పోవువానికి ఆ పేరెట్లు వచ్చినదని నవ్వెను. తరగతి యంతయు నవ్వెను. బాలుడు నావైపు చూచెను. తన పేరునకు అర్థమేమో వానికి తెలియదు. ఆ నిమిషమున నేనును చాలినంత చెప్పలేకపోయితిని. ఇంతలో గంట మ్రోగెను. బాలుడు తలవంచుకొని కూర్చుండెను. ఆనాటి బాకీ నామీద నిలిచియున్నది. దానిని ఈ వార్షిక సంచికయందు తీర్చుకొనుచున్నాను.

నవ్విన విద్యార్థి చెప్పినది తప్పు కాదు. అమరకోశమున విష్ణునామముల నడుమ శౌరి యను నామము కలదు. శూరుడను యాదవుని వంశమువాడు శౌరి. శూరుడు వసుదేవునికి తండ్రి, కృష్ణునికి తాత. ఇక నేను పట్టీలో వ్రాసిన సౌరి యున్నదే, అది సూర్యపుత్రుడైన శనైశ్చరునికి పేరు. శంస్ అనగా అరబ్బీ భాషలో సూర్యుడు; సూర్యుని పేరుగల యూరిలో శనిని పట్టీకెక్కించిన ఘనత నాకే దక్కినది. అయినను, గుంటూరు మండలమందలి కథోలిక కుటుంబములలో వినబడు శౌరి, శౌరయ్య, బాలశౌరి, శౌరమ్మ యను పేర్లు యాదవవంశమునుండి వచ్చినవి కావు. అవి స్పెయిను దేశపు ఉత్తరభాగమున, కొండల చెంత నున్న యొక యింటిపేరునుండి వచ్చినవి.

ఇంటిపేరు అను మాటను మనము దినమునకు పదిసార్లు పలుకుదుము గాని, అందు ఇల్లు అను మాట యున్నదని తలపము. బాస్కు జనుల విషయమున అది అక్షరాల నిజము. వారిలో అనేకులకు వంశనామమనగా వారు కాపురమున్న యింటి పేరే. వారి భాష మిక్కిలి ప్రాచీనమైనది. ఇరుగుపొరుగు భాషలలో దేనితోను దానికి చుట్టరికము లేదు. అందు ఎచె యనగా ఇల్లు, బెర్రి యనగా క్రొత్త. ఎచెబెర్రి యనగా క్రొత్త యిల్లు. మన కొత్తపేట, కొత్తగూడెముల వంటి పేరే. ఇరుగువారి నోళ్లలో ఆ మాట నలిగి, మొదటి అచ్చు జారిపోయి, శవియేర్ అయ్యెను. ఆ కాలపు స్పానిష్ భాషయందు ఎక్స్ అను అక్షరమును శకారమువలె పలుకుచుండిరి. తరువాత ఆ ధ్వని గొంతులోనికి దిగి హకారమువంటి దయ్యెను. వ్రాతయందు అక్షరమును మారెను. నేడు స్పెయినులో మగపిల్లలకు విరివిగా పెట్టుచున్న హవియేర్ అను పేరు ఇదియే. పోర్చుగీసువారు మాత్రము పూర్వపు శకారమును నిలుపుకొనిరి. వారి నోటినుండి తమిళులు విని సవేరియార్ అనిరి. తమిళమునుండి తెలుగునకు వచ్చునప్పటికి, మన చెవికి ముందే పరిచితమైన శౌరి యను మాటలో ఆ పేరు ఒదిగిపోయెను. దారిలో పోయిన శకారము ఒక సంస్కృత పదము చలువచేత తిరిగి వచ్చినది. ఇట్లు మన తరగతిలోని బాలుడు పట్టుపట్టిన శకారము, నేటి స్పెయినువారి ఉచ్చారణముకంటె ఆ యింటివారి పూర్వపు ఉచ్చారణమునకే దగ్గరగా నున్నది.

ఆ యింట పుట్టి, ఆ పేరును లోకమునకెల్ల తెలిపినవాడు ఫ్రాన్సిస్కో. మన పెద్దలు అర్చ్యశిష్ట ఫ్రాన్సిస్ శౌరివారని పిలుచునది ఆయననే.

ఆయన 1506వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన నవర్రా రాజ్యమందలి శవియేర్ కోటలో పుట్టెను. తండ్రి హువాన్ దె జాసో ధర్మశాస్త్రమున పండితుడు, నవర్రా రాజునకు ప్రధాన మంత్రాంగసభలో అధ్యక్షుడు. కోట మాత్రము తల్లి మరియా దె ఆస్పిల్కువేతా వైపునుండి సంక్రమించినది. ఆ కాలమున ఒక తల్లి బిడ్డలే వేర్వేరు ఇంటిపేర్లు ధరించుట ఆ దేశమున కలదు. ఈయన అన్నలలో ఒకడు ఆస్పిల్కువేతా యను పేర వ్యవహరింపబడెను. కడగొట్టువాడైన ఫ్రాన్సిస్కోకు తల్లి తెచ్చిన కోటపేరే నిలిచినది.

క్రొత్త యిల్లు అను పేరుగల ఆ యింటికి వచ్చిన కష్టము వినదగినది. బాలునకు ఆరవయేట, 1512లో, అరగాను రాజైన ఫెర్డినాండు సేనలు నవర్రాను ఆక్రమించెను. 1515లో తండ్రి చనిపోయెను. మరుసటి యేట నవర్రావారు తిరుగబడి ఓడిపోయిరి. అంతట సిస్నెరోస్ కార్డినలు ఆజ్ఞచేత శవియేర్ కోటబురుజులు కూల్చబడెను, కందకములు పూడ్చబడెను. పదేండ్ల బాలుడు చూచుచుండగానే తన పేరున కాధారమైన యిల్లు శిథిలమాయెను. అన్నలిద్దరు యుద్ధమునకు పోయిరి. తల్లి ఆ పాడుపడిన కోటలో సంసారము నడుపుకొని వచ్చెను.

1525లో, పందొమ్మిదవ యేట, ఆయన చదువుకొరకు పారిసు నగరమునకు పోయి సెంట్ బార్బ్ కళాశాలయందు చేరెను. మరల నవర్రాకు రాలేదు. తల్లి 1529లో కన్నుమూసెను. ఇండియాకు బయలుదేరునపుడు ఇంటిదారిన పోవుచుండియు తల్లిని చూడక వైరాగ్యముతో సాగిపోయెనని కొన్ని పాత పుస్తకములలో కథ కలదు. అప్పటికి ఆమె పోయి పదునొకండు సంవత్సరములైనది. అట్టి కల్పన లేకయే ఆయన చరిత్రమున త్యాగము చాలినంత యున్నది.

పారిసులోని ఆ గదిని గూర్చి కొంత చెప్పవలెను. అందు మొదట ఫ్రాన్సిస్కోకు తోడుగా నుండినవాడు పియేర్ ఫావ్ర్ అను సవాయ్ దేశపు యువకుడు. చిన్ననాట గొఱ్ఱెలను కాచినవాడు. 1529లో మూడవవా డొకడు వచ్చి చేరెను. వయసు మీరినవాడు, కుంటుచు నడచువాడు, బిచ్చమెత్తి చదువుకొనువాడు. అతడే లొయోలా ఇగ్నేషియస్. 1521లో పంప్లోనా కోట ముట్టడిలో ఫిరంగిగుండు తగిలి అతని కాలు విరిగెను. అతడు కోటను రక్షించిన కస్తీలు పక్షమువాడు. ఫ్రాన్సిస్కో అన్నలు ఎదిరిపక్షమువారు. ఇల్లు కూల్చినవారి పక్షమున పోరాడిన సైనికుడును, ఇల్లు పోగొట్టుకొన్న బాలుడును ఒకే కప్పుక్రింద నిద్రించిరి.

మన గుంటూరు సీమ పెద్దలకు ఇక్కడ ఒక వింత తోచును. పియేర్ అనగా పేతురు. తమిళ కథోలికులు పేతురును ఇరాయప్పర్ అందురు, అది తెలుగున రాయప్ప యైనది. ఇగ్నేషియస్ తమిళమున ఇన్నాసి, తెలుగున ఇన్నయ్య. మూడవవాడు శౌరయ్య. రాయప్ప, ఇన్నయ్య, శౌరయ్య యను మువ్వురు నేటికిని ఆ సీమలో ఒకే అరుగుమీద కూర్చుండి మాటలాడుకొనుచుండుట మనము చూడవచ్చును. తమ పేర్లు పారిసులోని ఒక చిన్న గదిలో కలిసి కాపురము చేసినవని వారిలో ఎందరికి తెలియును?

ఫావ్ర్ త్వరగనే ఇగ్నేషియసుతో ఏకమయ్యెను. ఫ్రాన్సిస్కో అట్లు లొంగినవాడు కాడు. పట్టము పుచ్చుకొని, మరియొక కళాశాలలో అరిస్టాటిలు తత్త్వమును బోధించుచు, పెద్ద పదవి సంపాదించి వంశమును నిలబెట్టవలెనని కోరుచుండెను. ఆ కోరిక తప్పని చెప్పజాలము. పడిపోయిన యింటి కడగొట్టు కొడుకునకు అది సహజము. అతని మనసు మారుటకు సంవత్సరములు పట్టినది. తుదకు 1534 ఆగస్టు 15వ తేదీన మోమార్త్ర్ కొండమీద ఏడుగురు స్నేహితులు పేదరికమును, బ్రహ్మచర్యమును అవలంబింతుమని వ్రతము పట్టిరి. అందు ఆయన ఒకడు. యెరూషలేమునకు పోవలెనని వారు వెనీసు చేరిరి గాని, తురుష్కులతోడి యుద్ధమువలన ఓడలు సాగలేదు. 1537 జూను 24వ తేదీన ఆయన అక్కడనే గురుపట్టము పొందెను. ఈ స్నేహితుల కూటమియే 1540లో పోపుగారి అనుమతితో యేసు సభ యయ్యెను.

ఆయన ఇండియాకు వచ్చుట యాదృచ్ఛికము. పోర్చుగల్ రాజు మూడవ జాన్ తూర్పుదేశములకు గురువులను పంపుమని కోరగా ఇద్దరు నియమింపబడిరి. వారిలో ఫ్రాన్సిస్కో లేడు. ఇద్దరిలో ఒకడైన బొబడిల్లా జబ్బుపడుటచేత, ఇగ్నేషియస్ ఈయనను పిలిచి పొమ్మనెను. ఆయన వెంటనే సమ్మతించి, కొలది వ్యవధిలోనే రోము విడిచెను. ఆ స్నేహితులిద్దరు మరల కలిసికొనలేదు.

1541 ఏప్రిల్ 7వ తేదీన, తాను పుట్టి సరిగా 35 సంవత్సరములు నిండిన దినమున, ఆయన లిస్బనులో ఓడ యెక్కెను. 1542 మే 6వ తేదీన గోవాలో దిగెను. పదుమూడు మాసముల ప్రయాణము. నడుమ అనుకూలమైన గాలికొరకు మొజాంబికులో కొన్ని మాసములు పడియుండవలసి వచ్చెను. అక్కడ జబ్బుపడినవారికి ఉపచారము చేయుచు తానును జ్వరపడెను. 2008లో తెరచిన మన శంషాబాదు విమానాశ్రయమునుండి గోవాకు గంటన్నర పట్టదు. మన తరగతి కిటికీలలోనుండి ఆకాశమును చూచు బాలురకు ఆ పదుమూడు మాసములను ఊహించుట కష్టమే.

అప్పటి మన దేశస్థితి యెట్లుండెనో రెండు మాటలు. హైదరాబాదు నగరము అప్పటికి పుట్టలేదు. అది 1591లో వెలసినది. ఆయన గోవా చేరిన మరుసటి యేటనే గోలకొండయందు కులీ కుతుబ్‌షా హతుడయ్యెను. విజయనగరమున అచ్యుతరాయలు గతించి, సదాశివరాయల పేర అళియ రామరాజు అధికారము నెరపుచుండెను. ఈ రామరాజు పేరు మరల రానున్నది.

గోవాలో ఆయన రోగులను, ఖైదీలను, కుష్ఠరోగులను చూచెడివాడు. వీధులవెంట గంట వాయించుచు పిల్లలను పోగుచేసి పాఠము చెప్పెడివాడు. కొలది మాసములకే కన్యాకుమారినుండి తూత్తుకుడివరకు గల ముత్యపుచిప్పల తీరమునకు పోయెను. అచ్చటి పరవలు సముద్రములో మునిగి ముత్యములు తీయువారు. తమ శత్రువులనుండి పోర్చుగీసువారు కాపాడుదురను ఆశతో కొన్ని యేండ్లక్రితమే వేలకొలదిగా జ్ఞానస్నానము పొందియుండిరి గాని, వారికి నేర్పువా డొక్కడును లేకుండెను. ఫ్రాన్సిస్కోకు తమిళము రాదు. తమిళము, పోర్చుగీసు కొంతకొంత తెలిసినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ముఖ్యమైన ప్రార్థనలను తర్జుమా చేయించి, అక్షరమక్షరము కంఠస్థము చేసికొని, ఊరూర పిల్లలకు వల్లెవేయించెను. తప్పులు దొర్లెను, ఆయన దానికి సిగ్గుపడలేదు. పెద్ద కళాశాలలో తత్త్వశాస్త్రము బోధించినవాడు చెమటలు కారుచు తమిళ అక్షరములు దిద్దుకొనుట, పరీక్షలకు భయపడు విద్యార్థులు తలచుకొనదగినది.

ఆ తీరముననే ఆయనకు మన తెలుగువారితో పరిచయమైనది. అది స్నేహపూర్వకమైన పరిచయము కాదు. 1544వ సంవత్సరపు వేసవిలో రామరాజు బంధువగు విఠ్ఠలరాయలు దక్షిణదిగ్విజయమునకు సేనలను నడిపించుకొని వచ్చెను. ఆ సైనికులను తమిళులు వడుగర్, అనగా ఉత్తరమువారు అనిరి. పోర్చుగీసు వ్రాతలలో వారు బడగలైరి. తమిళనాట వడుగరను మాటకు తెలుగువారని యర్థము. వారు గ్రామములను దోచగా పరవలు కన్యాకుమారివద్ద సముద్రములోని బండలమీదికి పారిపోయి, ఎండకు, ఆకలిదప్పులకు మ్రగ్గిపోయిరి. ఈ వార్త విని ఫ్రాన్సిస్కో ఇరువది దోనెలలో తిండి, నీళ్లు వేయించుకొని బయలుదేరెను. ఎదురుగాలి వీచి ఎన్నిదినములు ప్రయత్నించినను దోనెలు సాగలేదు. తుదకు తీరమువెంట కాలినడకను పోయి వారిని చేరెను. ఆ దీనులకు మొదటిసారి తెలుగుమాట వినబడినది కత్తి పట్టినవారి నోట. ఆ దీనులను వెదకికొని పోయినవాని పేరు తరువాత తెలుగుబిడ్డలకు పెట్టబడినది. చరిత్రయందు ఇట్టి తారుమారు లున్నవి.

ఆ తీరమందలి పోర్చుగీసు అధికారుల దురాశయు ఆయనకు అంతే బాధ కలిగించెను. పరవలను రక్షింపవలసిన కెప్తానులే వారిని పిండుకొనుచుండిరి. ఆయన వారిని ఉపేక్షింపక, వారి యన్యాయములను గూర్చి పోర్చుగల్ రాజునకు నిర్భయముగా వ్రాసెను.

1545లో ఆయన మైలాపూరునకు వచ్చి, తోమా అపొస్తలుని సమాధియని చెప్పు స్థలమున నాలుగు మాసములు ప్రార్థనలో గడపెను. తెలుగు సీమకు ఆయన అన్నిటికంటె దగ్గరగా వచ్చినది అదియే. ఉత్తరముగా రెండు మూడు దినములు నడచియుండినయెడల తెలుగు వినియుండును. ఆయన నడువలేదు. తూర్పునకు పోవు ఓడ యెక్కి మలక్కాకు, అక్కడనుండి సుగంధద్రవ్యముల దీవులకు పోయెను.

ఆ దీవులలో నున్న కాలమున, 1546లో, రెండు సంగతులు జరిగెను. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చెప్పుట న్యాయము. మొదటిది: రోమునుండియు ఇతర దేశములనుండియు స్నేహితులు వ్రాసిన జాబుల క్రింద వారు స్వహస్తములతో పెట్టిన సంతకములను ఆయన కత్తిరించి, తన వ్రతపత్రముతో కలిపి తనవద్ద ఎల్లప్పుడు ధరించుచుండెను. ఒక్కొక్క జాబు చేరుటకు సంవత్సరములు పట్టిన కాలమది. మాటలు పాతబడినను పేర్లు పాతబడవు గదా. రెండవది: గోవాయందు ఇంక్విజిషన్ అను మతవిచారణ న్యాయస్థానమును స్థాపింపుమని ఆయన పోర్చుగల్ రాజునకు ఉత్తరము వ్రాసెను. పోర్చుగీసు కోటలలో క్రైస్తవ నామము ధరించి క్రైస్తవమును విడిచి నడచువారిని సరిదిద్దుట ఆయన ఉద్దేశము. ఆ న్యాయస్థానము ఆయన చనిపోయిన ఎనిమిదేండ్లకు, 1560లో ఏర్పడి, 1812లో పూర్తిగా రద్దగువరకు అనేకులను హింసించెను. దాని పనులన్నియు ఆయన తలమీద వేయుట తగదు. కాని అడిగినవారిలో ఆయన యుండెను. స్నేహితుల పేర్లను గుండెకు హత్తుకొన్న చేతులే ఆ యుత్తరమును వ్రాసెను. ఆయన జీవితము చెప్పువారు అనేకులు ఈ సంగతిని దాటిపోవుదురు. పేరు పెట్టుకొన్న బాలునికి సగము చెప్పి సగము దాచుట నాకు ఇష్టము లేదు.

1547 డిసెంబరులో మలక్కాయందు అంజిరో అను జపాను దేశస్థుడు ఆయనను కలిసికొనెను. అతని మాటలు విని, 1549 ఆగస్టు 15వ తేదీన ఆయన జపానులోని కగోషిమాలో దిగెను. అక్కడ ఒక మాట ఆయనను మోసము చేసినది. దేవుని జపాను భాషలో ఏమనవలెనని యడుగగా అంజిరో దైనిచి అని చెప్పెను. ఆయన ఆ మాటతోనే వీధులలో బోధించెను. కొంతకాలమునకు, దైనిచి యనగా మహాసూర్యుడని, బౌద్ధులలో ఒక శాఖవారు కొలుచు వైరోచన బుద్ధుని పేరని తెలిసినది. అప్పుడాయన ఆ మాటను విడిచిపెట్టి, దేయుస్ అను లాటిను మాటనే యుంచెను. తన దేవుని పేరు పరుల పేరుతో కలిసిపోగూడదని అంత జాగ్రత్తపడినవాని పేరే, తెలుగునాట విష్ణునామములో కలిసిపోయినది. ఆయన విని యుండినయెడల ఏమనునో! మన ముత్తాతలు మాత్రము దీనిలో ఏ చిక్కును చూచినట్లు లేదు. బిడ్డను పిలుచుటకు నోటికి ఒదిగిన పేరు వారికి కావలసియుండెను.

జపానులో ఆయన మరియొక పాఠము నేర్చుకొనెను. చిరిగిన బట్టలతో రాజధానికి పోయి, ఎవరి దర్శనమును దొరకక తిరిగి వచ్చెను. తరువాత యమగుచి ప్రభువునొద్దకు మంచి వస్త్రములు ధరించి, గడియారము మొదలగు కానుకలతో పోగా ఆదరింపబడెను. పేదరికము తన వ్రతమే గాని, ఎదుటివారి మర్యాదను తెలిసికొనుటయు ధర్మమని గ్రహించెను. వాదములలో జపానువారి తెలివిని చూచి ఆయన మిక్కిలి మెచ్చుకొనెను. వారు చీనావారి విద్యను గౌరవించుట చూచి, చీనాకు పోవలెనను కోరిక ఆయనలో పుట్టెను.

ఆ కోరిక తీరలేదు. 1552లో రాయబారముతో చీనాకు బయలుదేరగా, మలక్కాలో కెప్తానుగా నున్న అల్వారో దె అతైదె, వాస్కో ద గామా కుమారుడు, రాయబారిని అడ్డగించెను. ఫ్రాన్సిస్కో ఒక్కడే శాంగ్‌చువాన్ అను దీవికి చేరెను. ఎదుట చీనా తీరము. విదేశీయులకు ప్రవేశము నిషిద్ధము, దొరికినచో చెర. రహస్యముగా పడవలో దాటింతునని ఒప్పుకొన్న చీనా వర్తకుడు రాలేదు. చలికాలము వచ్చెను. పోర్చుగీసు ఓడలు ఒక్కొక్కటిగా వెడలిపోయెను. ఆయన జ్వరపడి గడ్డి గుడిసెలో పడియుండెను. దగ్గర నున్నవాడు ఆంటోనియో అను చీనా యువకుడు. 1552 డిసెంబరు 3వ తేదీ తెల్లవారుజామున ఆయన చనిపోయెను. వయసు 46 సంవత్సరములు.

రోములోని ఇగ్నేషియసునకు ఈ సంగతి తెలియదు. 1553 జూనులో ఆయన, యూరపునకు తిరిగి రమ్మని ఫ్రాన్సిస్కోకు ఆజ్ఞాపత్రము వ్రాసెను. అప్పటికి ఆ స్నేహితుడు చనిపోయి ఆరు మాసములు దాటినది.

దేహమును సున్నముతో కప్పి దీవిలో పాతిపెట్టిరి. కొన్ని మాసములకు త్రవ్వి చూడగా చెడలేదని మలక్కాకు, అక్కడనుండి 1554 మార్చిలో గోవాకు చేర్చిరి. నేడు అది పాత గోవాలోని బోం జెసూస్ దేవాలయమున, గోవా కంసాలులు చేసిన వెండి మందసమునందు ఉన్నది. 1614లో కుడిచేతిని వేరుచేసి ఒక భాగమును రోమునకు పంపిరి. సుమారు పదేండ్ల కొకసారి ఆ దేహమును క్రిందికి దింపి జనులకు చూపుదురు. 2024 నవంబరునుండి 2025 జనవరివరకు అట్లు చూపిరి.

1622 మార్చి 12వ తేదీన రోములో ఆయనకును, ఇగ్నేషియసునకును ఒకేదినమున పునీత పదవి ఇయ్యబడెను. అప్పటినుండి ఇంటిపేరు బిడ్డలపేరుగా మారుట యారంభమయ్యెను. మొదట ఫ్రాన్సిస్కో హవియేర్ అని జంటగా పెట్టిరి. తరువాత మొదటిది విడిచి హవియేర్ అని మాత్రమే పెట్టిరి. వింత యేమనగా, తూర్పుదేశములనుండి వ్రాసిన జాబుల క్రింద ఆయన సాధారణముగా ఫ్రాన్సిస్కో అనియే సంతకము చేసెను. ఇంటిపేరును ఆయన వదలుకొనెను. లోకము ఆయన స్వంతపేరును విడిచి ఆ యింటిపేరునే పట్టుకొనెను.

తెలుగునాటికి ఆ పేరు వచ్చిన దారియు కొంత తెలియుచున్నది. 18వ శతాబ్దారంభమున పుదుచ్చేరినుండి ఫ్రెంచి దేశపు యేసుసభ గురువులు కర్ణాటక మిషను అను పేర పుంగనూరు మొదలగు సీమలకు వచ్చిరి. వారికి ముందే తమిళనాట స్థిరపడిన క్రైస్తవనామములు వారితో తెలుగునకు దిగెను. పిమ్మట కొన్ని కుటుంబములు ఉత్తరముగా గుంటూరు సీమకు తరలిపోయి, ఫిరంగిపురము మొదలగు గ్రామములలో నిలిచెను. బండ్లమీద సామానుతో పాటు పేర్లును పోయెను. ఇప్పుడు వారి మనుమలు కొందరు శంషాబాదునకు వచ్చి, విమానములకు సామాను ఎక్కించుచున్నారు.

నవర్రాలోని కోట విషయము చెప్పక విడుచుట బాగుండదు. 1516లో కూల్చిన బురుజులు దాదాపు నాలుగువందల యేండ్లు అట్లే యుండెను. 19వ శతాబ్దపు తుదిభాగమున వాటిని బాగుచేయ నారంభించిరి. ప్రక్కన దేవాలయమును కట్టిరి. ప్రతి సంవత్సరము మార్చి మాసమున వేలకొలది జనులు ఆ కోటకు కాలినడకను పోవుదురు. పాత పునాదులమీద అది మరల క్రొత్త యిల్లయినది.

మొన్న డిసెంబరు 3వ తేదీన ఆ బాలుని తల్లి అరిసెలు చేసి పాఠశాలకు పంపినది. అది వాని నామదినమట. మొదటి అరిసె వెనుకబల్లమీది విద్యార్థికి దొరికినది. తరగతి అరిసెలు తినుచుండగా నేను హాజరుపట్టీ తీసి, జూను మాసమునుండి ప్రతిపుటను త్రిప్పుచు, ఎఱ్ఱసిరాతో సకారమును కొట్టివేసి శకారము వ్రాసితిని. ఏడు మాసములకు ఏడుచోట్ల దిద్దవలసి వచ్చినది.